కొలత అనిశ్చితి – 4వ పాఠం: రీడింగులన్నీ ఒకేలా వచ్చినప్పుడు

గత పాఠంలో రీడింగుల నుంచి ప్రామాణిక విచలనం కట్టడం నేర్చుకున్నాము. ఆ లెక్క సున్నా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఈ పాఠం.

మే నెల మధ్యాహ్నం విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డు నుంచి 0.01 మి.మీ. లీస్ట్ కౌంట్ (చూపగల అతిచిన్న తేడా) గల డిజిటల్ వెర్నియర్, అంటే దవడల మధ్య పట్టి పొడవు కొలిచే పరికరం, మీ ల్యాబ్‌కు వచ్చిందనుకుందాము. 100 మి.మీ. స్లిప్ గేజ్‌ను (పొడవు కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మను) ఐదుసార్లు కొలిస్తే ఐదుసార్లూ 100.01 అనే చూపింది. దోషం 0.01 మి.మీ. అని రాయడం సరైనదే కాని, అనిశ్చితి సున్నా అని రాయడం తప్పు. అంతకన్నా చిన్న తేడాను చూపగల శక్తి ఆ డిస్‌ప్లేకు లేదు, అంతే. 1993లో వెలువడిన జీయూఎం, అంటే కొలత అనిశ్చితిపై అంతర్జాతీయ మార్గదర్శి, రీడింగుల నుంచి వచ్చే అనిశ్చితిని 'ఎ' రకమనీ, ఇతర సమాచారం నుంచి వచ్చేదాన్ని 'బి' రకమనీ విడదీసింది గాని, ఒకదానికన్నా మరొకటి తక్కువని చెప్పలేదు.

ఇక్కడ 'ఎ' రకం సున్నా వచ్చింది కనుక 'బి' రకం పద్దులు రాద్దాము. లీస్ట్ కౌంట్‌లో సగం 5 మైక్రాన్లు (0.005 మి.మీ.). ఆ హద్దుల్లో అసలు విలువ ఎక్కడైనా సమానంగా ఉండవచ్చు కాబట్టి 1.732తో (3 వర్గమూలంతో) భాగిస్తే 2.89. సర్టిఫికెట్‌లో స్లిప్ గేజ్ అనిశ్చితి 0.2 మైక్రాన్లు, కె విలువ (ప్రామాణిక అనిశ్చితిని ఎన్ని రెట్లు చేసి రాశారో చెప్పే సంఖ్య) 2 అని ఉంటే, దాన్ని 2తో భాగించి 0.1 అని వేయాలి. ఈ భాగహారాన్ని మరిచిపోయే వారు చాలామంది. ఎండలో వచ్చిన వెర్నియర్‌కూ, 20 డిగ్రీల గదిలో ఉన్న స్లిప్‌కూ మధ్య ఇంకా 2 డిగ్రీల వరకు తేడా ఉండవచ్చనుకుంటే, ఉక్కు డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది కాబట్టి 100 మి.మీ.కు 2.3, దాన్నీ 1.732తో భాగిస్తే 1.33.

మూడింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 3.18, కె విలువ 2గా తీసుకుని రెట్టింపు చేస్తే 6.4 మైక్రాన్లు. ఇప్పుడు స్లిప్ గేజ్ పద్దును కొట్టేసి చూడండి, జవాబు కదలదు. అదే వెర్నియర్‌ను గ్రానైట్ బల్ల మీద ఉంచి, తేడా అర డిగ్రీకి తగ్గాక కొలిస్తే 5.8కి దిగుతుంది. ఖరీదైన స్లిప్ సెట్టు కొనే ముందు ఈ నిరీక్షణకు సమయం కేటాయించమని నేను గట్టిగా కోరుతాను.

దవడల సమాంతరత పద్దును వచ్చే పాఠంలో చేరుస్తాము. ఈలోగా ఇదే లెక్కను 300 మి.మీ. వద్ద, 2 డిగ్రీల తేడాతో వేయండి. అక్కడ ఉష్ణోగ్రత పద్దు లీస్ట్ కౌంట్ పద్దును దాటుతుంది. ఎంత దాటుతుందో మీ చేత్తోనే తేల్చండి.