మడిలో బుడగలు ఆగాయి

కరీంనగర్ దగ్గర మా బోరు కింద మడి. కిందటి యాసంగిలో నాటిన నెలకే వరి పసుపెక్కింది. కాలు పెడితే బుడబుడమని బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. దుబ్బు పీకితే వేళ్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. యూరియా చాల్లేదనుకుని ఇంకో బస్తా చల్లాను. అది నా తప్పు. నేలకు గాలి ఆడటం లేదంతే. నీళ్లు ఎప్పుడూ నిలిస్తే గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరిగి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతాయి. వాసన మాత్రం హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. వేళ్లను దెబ్బతీసేదీ అదే.

అందుకే నేల లోపల నీళ్లు ఎంత దిగాయో చూడటానికి, అడుగు పొడవు పీవీసీ పైపుకు కింది సగమంతా రంధ్రాలు పెట్టి, గట్టుకు మీటరు లోపల పాతి, లోపలి మట్టి తీసేశాను. పైపులో నీళ్లు నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మోటారు వేశాను. సన్నని నెర్రెలు చూసి, "పొలం ఎండబెడుతున్నవురా!" అన్నాడు నాన్న. పైపులో పుల్ల దింపి తడి చూపించాను.

పది రోజులకు తెల్ల వేళ్లు! ఈనేటప్పుడు మాత్రం 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిపాను, లేకుంటే తాలు గింజలే. యూరియా వేసిన వెంటనే తడి పెడుతున్నాను. ఎందుకంటే మడి ఆరుతూ తడుస్తూ ఉంటే యూరియా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ వాయువు పెరుగుతుంది, కిలోకు కిలో అది మీథేన్ కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.