కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ కంటే ముందు చేతిలో ఉండాల్సిన కాగితం

కేదార్‌నాథ్ వెళ్లాలనుకునే మనవాళ్లలో చాలామంది ముందు హెలికాప్టర్ టికెట్ వెతుకుతారు, తర్వాత రైలు టికెట్, ఆ తర్వాత ఎవరైనా గుర్తుచేస్తే యాత్ర రిజిస్ట్రేషన్. అసలు వరుస దీనికి పూర్తిగా తలకిందులు. ఈ తలకిందుల వరుస వల్లే సోన్‌ప్రయాగ్ చెక్‌పోస్ట్ దగ్గర అరవై దాటిన పెద్దవాళ్లు బ్యాగులు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చోవడం చూశాను. కాగితం మీద తారీఖు వేరే ఉంటుంది, హిందీ రాదు, టికెట్ అమ్మిన ఏజెంట్ ఫోన్ ఎత్తడు. చెక్‌పోస్ట్‌లో పోలీసులనీ తప్పుపట్టలేం, వాళ్లు స్కాన్ చేస్తే వచ్చిందే చూస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఇంట్లో ఫోన్ వాడటం వచ్చిన పిల్లలెవరైనా ఉంటే ఒక్క సాయంత్రం కూర్చుని ఇదంతా చేయొచ్చు.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్, విశాఖ, విజయవాడల నుంచి ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి హరిద్వార్ లేదా రిషికేశ్. విమానమైతే దెహ్రాదూన్ జాలీగ్రాంట్. రిషికేశ్ నుంచి రుద్రప్రయాగ, గుప్తకాశి మీదుగా సోన్‌ప్రయాగ్ దాకా బస్సు లేదా కారు, ఇది ఒక పూర్తి రోజు ప్రయాణం. సొంత బండ్లు సోన్‌ప్రయాగ్‌లోనే ఆపేస్తారు, అక్కడి నుంచి గౌరీకుండ్‌కి 5 కిలోమీటర్లు స్థానిక షేర్ జీపుల్లో వెళ్లాలి. గౌరీకుండ్ తర్వాత బండ్లు పోయే రోడ్డు లేదు. 16 నుంచి 18 కిలోమీటర్ల ఎక్కుడు దారి, 3,583 మీటర్ల ఎత్తులో గుడి. నడవొచ్చు, గుర్రం ఎక్కొచ్చు, నలుగురు మోసే డోలీలో కూర్చోవచ్చు, వీపు మీద బుట్టలో మోసే కండీ కూడా ఉంటుంది. ఇవేవీ వద్దనుకుంటే గుప్తకాశి, ఫాటా, సిర్సీ హెలిప్యాడ్‌ల నుంచి హెలికాప్టర్. రోప్‌వే అని ఎవరైనా చెబితే నమ్మకండి, 2025 మార్చిలో కేంద్ర కేబినెట్ సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి ఆమోదం ఇచ్చిన మాట నిజమే కానీ అది కట్టడానికే ఏళ్లు పడుతుంది.

వీటిలో ఏ దారిన వెళ్లినా, ఆఖరికి పూర్తిగా నడిచే వెళ్లినా, ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

రిజిస్ట్రేషన్ చేసే సైట్ ఒక్కటే, రిజిస్ట్రేషన్ అండ్ టూరిస్ట్ కేర్ డాట్ యూకే డాట్ గవ్ డాట్ ఇన్, మధ్యలో ఖాళీలు లేకుండా. ఫోన్‌లో అయితే టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్ యాప్. 2025 సీజన్‌లో దీనికి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. మీరు వెళ్లే ఏడాది ఏదైనా కట్టమంటే ఆ సైట్‌లో కనిపించిన మొత్తమే కట్టండి, తలకి ఐదొందలు, వెయ్యి అడిగేవాళ్లకి మాత్రం ఇవ్వొద్దు. లాగిన్ చేసి, యాత్ర తారీఖులు పెట్టి, ఒక్కొక్కరి వివరాలు నింపితే క్యూఆర్ కోడ్ ఉన్న రిజిస్ట్రేషన్ లెటర్ పీడీఎఫ్‌గా వస్తుంది. నింపడం కష్టం కాదు. చిక్కంతా మూడు చోట్ల.

మొదటిది ఫోన్ నంబర్. నెట్ సెంటర్‌లోనో, ట్రావెల్స్ వాళ్ల దగ్గరో చేయిస్తే వాళ్లు తమ నంబర్‌తో లాగిన్ చేసేస్తారు. అప్పుడు మీ రిజిస్ట్రేషన్ మీ చేతిలో లేనట్టే. తారీఖు మార్చాలన్నా, లెటర్ మళ్లీ దింపుకోవాలన్నా ఓటీపీ వాళ్ల ఫోన్‌కే పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024 మేలో రద్దీ విపరీతంగా పెరిగినప్పుడు, తారీఖులు దిద్దిన నకిలీ రిజిస్ట్రేషన్ కాగితాలతో వచ్చిన బృందాలు తనిఖీలో పట్టుబడ్డాయి, ఏజెంట్ల మీద కేసులు కూడా పెట్టారు. ఆ బృందాల్లోని యాత్రికులకి తమ కాగితం దొంగదని తెలియదు, వాళ్లు డబ్బు కట్టి ప్రింటు తీసుకున్నారంతే. కాబట్టి మీ ఇంట్లోవాళ్ల నంబర్‌తోనే లాగిన్ చేయండి. ఇప్పటికే ఎవరో చేసి ఇచ్చి ఉంటే ప్రింటు మీద క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేసి, అందులో వచ్చే పేర్లూ తారీఖులూ కాగితం మీద ఉన్నవేనా అని ఈరోజే చూసుకోండి.

రెండోది పేరు. మన దగ్గర ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకో చోట పూర్తిగా ఉంటుంది, మరో చోట అసలు ఉండదు. ఆధార్‌లో కొండపల్లి వెంకట రమణ అని ఉండి, రిజిస్ట్రేషన్‌లో కె.వి. రమణ అని, హెలికాప్టర్ టికెట్‌లో రమణ కొండపల్లి అని ఉంటే, మనకి ముగ్గురూ ఒకరే, కౌంటర్‌లో కూర్చున్న మనిషికి మాత్రం కాదు. వదిలేస్తారో ఆపేస్తారో ఆ రోజు అక్కడున్నవాళ్ల దయ. ఆధార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా ఉందో, ఖాళీతో సహా, అన్నిచోట్లా అలాగే కొట్టండి. 2025 నుంచి రిజిస్ట్రేషన్‌ని ఆధార్‌తో ముడిపెట్టారు కాబట్టి ఇంకో పని కూడా ముందే చూసుకోవాలి, అమ్మానాన్నల ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో. ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబర్ ఉంటే ఓటీపీ రాదు. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి మార్పించండి, ప్రయాణానికి వారం ముందు కాదు, యాత్ర అనుకున్న వెంటనే. అది కుదరకపోతే హరిద్వార్, రిషికేశ్‌లలో ఆఫ్‌లైన్ కౌంటర్లు ఉంటాయి, కానీ వాటిని నమ్ముకుని అంత దూరం వెళ్లడం మంచిది కాదు, 2024లో రద్దీ తట్టుకోలేక కొన్నాళ్లు ఆ కౌంటర్లు మూసేశారు.

మూడోది, అన్నిటికంటే ఎక్కువమందిని వెనక్కి పంపేది, తారీఖు. ఫారంలో అడిగే కేదార్‌నాథ్ తారీఖు మీరు కేదార్‌నాథ్‌లో ఉండే రోజు. హైదరాబాద్‌లో రైలెక్కే రోజు కాదు, హరిద్వార్‌లో దిగే రోజూ కాదు. నాలుగు ధామాలూ (యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బద్రీనాథ్) తిరిగేవాళ్లు ఒక్కో ధామానికి వేరే వేరే తారీఖు పెట్టాలి. మ్యాప్‌లో హరిద్వార్ నుంచి గుప్తకాశికి ఏడెనిమిది గంటలు అని చూపిస్తే, పొద్దున దిగి సాయంత్రానికి చేరిపోతాం, మర్నాడు దర్శనం అని లెక్కవేసేస్తారు. యాత్ర సీజన్‌లో ఆ లెక్క నిలబడదు. కొండచరియ విరిగిపడితే గంటల తరబడి ఆపేస్తారు, పైగా కొండదారిలో రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 వరకు బండ్లు వదలరు. రైలు ఆలస్యం సంగతి సరేసరి. నా సలహా ఏమిటంటే, 20న హరిద్వార్‌లో దిగితే 21న గుప్తకాశి లేదా ఫాటా చేరి అక్కడే పడుకోండి, కేదార్‌నాథ్ తారీఖు 22 అయినా పెట్టండి, వీలైతే 23. ఒక రోజు గది అద్దె అదనంగా పడుతుంది, పడనివ్వండి. ప్లాన్ మారితే ఇంట్లో ఉన్నప్పుడే అదే లాగిన్‌లోకి వెళ్లి తారీఖు మార్చుకోండి, సోన్‌ప్రయాగ్‌లో బతిమాలుకుని మార్పించుకోవచ్చులే అనుకోవద్దు.

ఈ లెటర్ వచ్చాకే హెలికాప్టర్. 2023 నుంచి కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మేది ఐఆర్‌సీటీసీ హెలియాత్ర సైట్ ఒక్కటే, హెలియాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలుగా వచ్చేవాటిలో హెలి, యాత్ర, కేదార్ అన్న ముక్కలు కలిపిన పేర్లు చాలా ఉంటాయి. అడ్రస్‌లో చివరి డాట్ కో డాట్ ఇన్‌కి సరిగ్గా ముందు, రెండు డాట్‌ల మధ్య ఐఆర్‌సీటీసీ అన్న అక్షరాలు మాత్రమే ఉండాలి, వాటికి అతికించి ఇంకేమున్నా బయటికొచ్చేయండి. బుకింగ్‌లో మీ యాత్ర రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతారు, అందుకే అది ముందు ఉండాలి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. రిజిస్ట్రేషన్ నంబర్ అడగకుండానే కేవలం పేర్లూ వయసులూ వాట్సాప్‌లో పంపమని, సగం డబ్బు అడ్వాన్స్ కట్టమని ఎవరైనా అంటే అది టికెట్ కాదు.

టికెట్లు సీజన్ మొత్తానికి ఒకేసారి వదలరు, విడతలుగా వదులుతారు, ఫలానా రోజు ఫలానా గంటకి అని ముందే ప్రకటిస్తారు. మే నెల టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. అందువల్ల ఐఆర్‌సీటీసీ హెలియాత్ర అకౌంట్ ముందురోజే తయారుచేసి, అందరి పేర్లూ వయసులూ బరువులూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఒక ఐడీతో రెండు టికెట్లు, ఒక్కో టికెట్‌లో ఆరుగురి దాకా తీసుకోవచ్చు. బరువు నిజం రాయండి, హెలిప్యాడ్‌లో మళ్లీ తూస్తారు, 80 కిలోలు దాటితే కిలోకి ఇంత అని అదనంగా తీసుకుంటారు. వెంట తీసుకెళ్లే సామాను మనిషికి 2 కిలోలే. ధర చూస్తే, 2025 మేలో ఫాటా, సిర్సీల నుంచి రానుపోను 6,000 పైచిలుకు, గుప్తకాశి నుంచి 8,500 దాకా ఉండేది, అదే ఏడాది సెప్టెంబర్‌లో బాగా పెంచారు. మీరు వెళ్లినప్పుడు సైట్‌లో ఎంత ఉంటే అంతే, దానిమీద కన్ఫర్మ్ చేయించే ఫీజు అని ఇంకేదీ లేదు.

డబ్బు మీ సొంత కార్డుతో లేదా యూపీఐతో కట్టండి, ఇది ఎవరూ చెప్పని సంగతి. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ ఎగరకపోతే, కన్వీనియన్స్ ఫీజు పోగా మిగతాది ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే తిరిగి వస్తుంది. ఏజెంట్ తన ఖాతా నుంచి కడితే రిఫండ్ కూడా అతనికే పోతుంది. మీకు మెసేజ్ రాదు, అతను చెబితేనే తెలుస్తుంది. రద్దు కావడం అరుదు కూడా కాదు, ఆ లోయలో మబ్బు కమ్మితే ఎదుటి కొండ కనపడదు. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు, రెండు రోజులు సర్వీసులు ఆపేశారు, ఆ తర్వాత నిబంధనలు ఇంకా బిగించారు. కాబట్టి ఎగరం అని చెప్పినప్పుడు వాళ్లతో గొడవపడకండి, అది మిమ్మల్ని కాపాడే మాట. ఆ రోజు కోసం ఇంకో దారి మనసులో ఉంచుకోండి.

ఆ ఇంకో దారి గుర్రమో డోలీనో అయితే గౌరీకుండ్‌లో ప్రీపెయిడ్ కౌంటర్ ఉంటుంది, రేట్ల బోర్డు ఉంటుంది. కౌంటర్‌లో కట్టి రసీదు తీసుకుని ఎక్కండి. దారిలో కలిసి తక్కువకి తీసుకెళ్తానన్నవాళ్లు సగం ఎక్కాక ఇంకొంత అడిగితే మీ చేతిలో కాగితం ఉండదు. 2025 మే మొదట్లో గుర్రాలకి జబ్బు సోకి కొన్ని రోజులు వాటిని పూర్తిగా ఆపేశారు, అలాంటిది మళ్లీ జరగొచ్చు కాబట్టి బయల్దేరే ముందు 0135 1364 యాత్ర హెల్ప్‌లైన్‌కి ఒకసారి ఫోన్ చేసి అడగండి. పొద్దున్నే మొదలుపెట్టండి, మధ్యాహ్నం దాటాక వెళ్లినవాళ్లని పైకి వదలకపోవచ్చు.

హెలికాప్టర్ దొరికిందని పెద్దవాళ్ల ఆరోగ్యం సంగతి మర్చిపోకండి. నడిచేవాళ్లకి ఒంటికి ఎత్తు కొద్దికొద్దిగా అలవాటవుతుంది, హెలికాప్టర్‌లో పది నిమిషాల్లోపే 3,500 మీటర్లు దాటేస్తారు. తలనొప్పి, వాంతి, ఊపిరి ఆడకపోవడం వస్తే దర్శనం కోసం క్యూలో ఓర్చుకోకుండా వెంటనే అక్కడి వైద్య శిబిరానికి తీసుకెళ్లాలి, కిందికి దించాలి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి బయల్దేరాలి.

చేతి బ్యాగులో ఉండాల్సినవి: ఒరిజినల్ ఆధార్, రిజిస్ట్రేషన్ లెటర్ రెండు ప్రింట్లు, హెలి టికెట్ ప్రింటు. ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు, చలికి ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది, సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గరే పెట్టండి, అందరివీ గ్రూపు లీడర్ బ్యాగులో ఉండి అతను ముందు జీపులో వెళ్లిపోతే మిగతావాళ్లు చెక్‌పోస్ట్‌లో నిలబడాలి.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు పంపేసి అనుమానంగా ఉంటే సిగ్గుపడి ఆగిపోకండి. ఇలా మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లూ బ్యాంకుల్లో పనిచేసినవాళ్లూ ఉన్నారు, కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ విభాగం 2025లో ప్రత్యేకంగా కేదార్‌నాథ్ హెలికాప్టర్ నకిలీ సైట్ల గురించే హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. వెంటనే 1930కి ఫోన్ చేయండి, మొదటి కొన్ని గంటల్లో చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. పేమెంట్ రసీదు, వాట్సాప్ చాట్, ఆ నంబర్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి, బ్యాంకుకి కూడా చెప్పండి. అవతలివాడు రిఫండ్ కోసం ఇంకో రెండువేలు కట్టమంటాడు, అది మాత్రం కట్టకండి.