గోదావరి జిల్లాల నుంచి ఔలికి: మొదటిసారి స్కీయింగ్ ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు వాలుల మీద జారే స్కీయింగ్ చేయాలన్న సరదా ఇప్పుడు మన అమలాపురం, భీమవరం, కాకినాడ కుర్రకారుకీ పట్టుకుంది. చాలామంది ముందు రిసార్టులో గది బుక్ చేసేస్తారు, ఎలా చేరుకోవాలో ఆ తర్వాత చూసుకుంటారు. నేను మాత్రం ముందు రోజులు లెక్కేయమంటాను. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న మన ఊళ్ల నుంచి 2,500 మీటర్ల పైన ఉన్న చోటికి వెళ్తున్నాం. దారికి టైమివ్వాలి, ఒంటికి టైమివ్వాలి, వాతావరణానికీ కాస్త వదిలిపెట్టాలి. ఈ మూడింటికీ రోజులు మిగిలితేనే బయల్దేరండి. సెలవు చాలకపోతే వచ్చే ఏడాదికి పెట్టుకోవడమే మేలు.

ముందు చోటు తేల్చుకోండి

మన దేశంలో కొత్తవాళ్లు నేర్చుకోవడానికి వీలున్న చోట్లలో బాగా పేరున్నవి రెండు: కశ్మీర్‌లో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలి. గుల్మార్గ్‌కి చేరుకోవడం తేలిక, శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లే. కేబుల్ కారు రెండో దశ అఫర్వాత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల వరకు తీసుకెళ్తుంది. ఆ పై వాలులు మాత్రం బాగా వచ్చినవాళ్లకే. 2024 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. కొత్తవాళ్లు కింద మైదానం దగ్గర వాలుల్లోనే ఉండాలి. మరో సంగతి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒక్కటైనా వెంట ఉండాలి.

ఔలికి దారి ఎక్కువ. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ఔలే చెబుతాను. వాలులు నేర్చుకోవడానికి అనువుగా ఉంటాయి, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి కనిపిస్తూ ఉంటుంది, ఉత్తరాఖండ్ ప్రభుత్వ సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ సీజన్‌లో 7 రోజులు, 14 రోజుల స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల స్కీ పోటీలు జరిగింది ఈ కొండ మీదే. ఇక్కణ్నుంచి రాసేదంతా ఔలి గురించే.

ఎప్పుడు వెళ్లాలి?

మంచు బాగా ఉండే కాలం జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. మనకి సంక్రాంతి అడ్డొస్తుంది. పెద్ద పండక్కి ఇల్లు వదిలి వెళ్తానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఆ వారం రైళ్లలో బెర్తు దొరకదు. కనుమ, ముక్కనుమ అయ్యాక, పండక్కి వచ్చిన జనం తిరిగి వెళ్లే రద్దీ తగ్గాక, జనవరి చివరి వారంలో బయల్దేరడం మంచిది. ఇంటర్, టెన్త్ చదివే పిల్లలున్న ఇళ్లలో పరీక్షల టెన్షన్ ఎలాగూ ఉంటుంది, వాళ్లని ఆ ఏడాది కదపకండి. దాళ్వా వ్యవసాయం ఉన్నవాళ్లు ఊడ్పులు పూర్తయ్యాక నీళ్లు చూసుకునే మనిషిని పెట్టుకుని వెళ్తే మనసు పొలం మీద ఉండదు.

తేదీలు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా మంచు మన మాట వినదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలే మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. అందుకని గది బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు ఎంత వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. వెళ్లడానికి పది రోజుల ముందు నుంచి రోజూ రిసార్టుకి ఫోన్ చేసి, ఆ రోజు తీసిన ఫొటో పంపమనండి. వెబ్‌సైట్‌లో ఉండే ఫొటోలు ఏ ఏడాదివో తెలీదు.

రోజుల లెక్క

విమానంలో వెళ్లినా 12 రోజులు పెట్టుకోమంటాను. మొదటి రోజు రాజమండ్రి నుంచి హైదరాబాద్ మీదుగా ఢిల్లీ. రెండో రోజు ఋషికేశ్. మూడో రోజు పొద్దుగూకేదాకా కొండదారి, రాత్రికి ఔలి కింద ఉన్న ఊరు జోషిమఠ్. నాలుగో రోజు ఔలి చేరి, సామాన్లు దింపి, బూట్లు సరిచూసుకుని విశ్రాంతి. అయిదు నుంచి ఎనిమిది వరకు స్కీయింగ్. తొమ్మిదో రోజు మళ్లీ ఋషికేశ్‌కి దిగడం. పదో రోజు ఖాళీ. ఆ తర్వాత రెండు రోజుల్లో ఇల్లు. ఆ ఖాళీ రోజుని ఎవరడిగినా ఇవ్వకండి. దారి మూసుకుపోయినా, మంచు ఆలస్యంగా కురిసినా, ఎవరికైనా ఒళ్లు బాగోకపోయినా కాపాడేది అదే. రైల్లో అయితే ఇంకో రెండు రోజులు కలపండి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి తేదీ గుర్తుపెట్టుకుని ఆ ఉదయమే చేయించుకోవాలి.

జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, తెల్లవారుజామున విమానాలు ఆగిపోతాయి. ఢిల్లీలో దిగిన రెండు గంటలకే ఇంకో బండి ఎక్కేలా టికెట్లు తీసుకోకండి. అక్కడ రాత్రి ఉండిపోవడమే మంచిది. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కి నేరుగా విమానం దొరికితే మరీ హాయి. జాలీ గ్రాంట్ విమానాశ్రయం నుంచి ఋషికేశ్ 20 కిలోమీటర్ల దూరమే.

ఋషికేశ్ నుంచి జోషిమఠ్ సుమారు 250 కిలోమీటర్లు. మన హైవే మీద నాలుగైదు గంటల పని, అక్కడ మాత్రం పది గంటలు పడుతుందనుకోండి. తెల్లవారగానే బయల్దేరాలి, చీకటి పడ్డాక కొండదారిలో బండి నడపనివ్వకూడదు. ఆలస్యమైతే పీపల్‌కోటిలోనో కర్ణప్రయాగలోనో ఆగిపోండి. మారేడుమిల్లి ఘాట్‌లోనే కళ్లు తిరిగేవాళ్లు ముందు సీట్లో కూర్చుని, వాంతుల మాత్ర బండెక్కక ముందే వేసుకోవాలి. దారి పొడుగునా దేవప్రయాగ వరకు గంగ, ఆ పైన అలకనంద కనిపిస్తూనే ఉంటాయి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా వస్తాయి. నదుల సంగమాలు చూడాలని ఉంటే దేవప్రయాగలో ఒక్కచోట పది నిమిషాలు దిగండి, మిగతావి తిరుగుదారికి పెట్టుకోండి.

జోషిమఠ్ నుంచి ఔలికి ఒకప్పుడు నాలుగు కిలోమీటర్ల రోప్‌వేలో పైకి వెళ్లేవారు. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. అది లేదనే లెక్కతో ప్లాన్ చేసుకోండి. మిగిలింది రోడ్డు, సుమారు 15 కిలోమీటర్లు. మంచు కురిసిన రోజున టైర్లకి గొలుసులు కట్టిన స్థానిక బండి మాట్లాడుకోవాలి. ఋషికేశ్ నుంచి తెచ్చుకున్న కారుతోనే ఎక్కేస్తామని పంతానికి పోకండి. డబ్బు కూడా జోషిమఠ్‌లోనే ఏటీఎం నుంచి తీసుకుని జేబులో పెట్టుకోండి.

ఒంటిని సిద్ధం చేయడం

మన ఊళ్లలో రోజూ ఎక్కడానికి కొండలు లేవు. గోదావరి గట్టు మీద ఎంత నడిచినా తొడలకి కావాల్సిన బలం రాదు. స్కీయింగ్‌లో మోకాళ్లు వంచి గంటల తరబడి నిలబడాలి. కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు నిలబడటం రోజూ చేయండి. వీలైనప్పుడల్లా అన్నవరం వెళ్లి మెట్లదారిన రత్నగిరి ఎక్కి, దిగేటప్పుడు కూడా బస్సెక్కకుండా మెట్ల మీదే దిగండి. దిగేటప్పుడు పట్టే కండలే మంచు మీద పనిచేసేవి.

ఔలి ఎత్తులో కొందరికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. అందుకే 1,900 మీటర్ల దగ్గర జోషిమఠ్‌లో ఒక రాత్రి తప్పనిసరి అంటున్నాను. నీళ్లు బాగా తాగాలి, మొదటి రెండు రోజులు మద్యం జోలికి పోకూడదు. తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ ఉన్నా, నడక తడబడినా ఆలోచించక కిందికి దిగాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే బయల్దేరాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని బ్యాగులో వదలకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోవాలి.

బట్టలు, బూట్లు

కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి. చెమటకి తడిసిన కాటన్ ఆరదు, ఆగగానే ఒళ్లు వణికిస్తుంది. ఒంటికి ఆనుకుని థర్మల్ లోదుస్తులు, వాటి మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) లేదా ఉన్ని స్వెటర్, పైన తడి లోపలికి రానివ్వని జాకెట్, ప్యాంటు. గ్లోవ్స్ కూడా తడవనివి కావాలి. ఉన్ని అల్లిక గ్లోవ్స్ మొదటిసారి పడగానే నానిపోతాయి. జాకెట్, ప్యాంటు, హెల్మెట్, స్కీలు, బూట్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి కాబట్టి కొనకండి. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మాత్రం కొనాలి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఒక పూట ఉంటే రాత్రికి కళ్లు మండి నీళ్లు కారతాయి.

బూట్ల దగ్గర మొహమాటపడకండి, అరగంట పట్టినా పర్వాలేదు. ఒక్క జత మేజోళ్లే వేసుకోవాలి. చలని రెండు జతలు వేస్తే లోపల ముడతలు పడి బొబ్బలొస్తాయి. బకిల్స్ బిగించి నిటారుగా నిలబడితే కాలివేళ్ల కొసలు ముందుభాగానికి తాకీతాకనట్టు ఉండాలి. మోకాళ్లు ముందుకి వంచితే ఆ తాకిడి పోవాలి. మడమ ఎత్తి చూడండి, లోపల లేవకూడదు. లేస్తే ఒక సైజు తగ్గించి అడగండి. అద్దెకిచ్చే మనిషి మీ బరువు, ఎత్తు అడిగి బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) బిగిస్తాడు. పడినప్పుడు స్కీ ఊడి మోకాలు మెలిపడకుండా చూసేది ఆ బిగింపే. సిగ్గుపడి బరువు తగ్గించి చెబితే మామూలుగా వెళ్తున్నప్పుడే స్కీ ఊడిపోవచ్చు, మరీ ఎక్కువ చెబితే పడ్డా ఊడదు.

మంచు మీద మొదటి రోజు

శిక్షకుడు లేకుండా దిగకండి. స్నేహితుడు నేర్పిస్తానన్నా వద్దనండి. మొదటి పూటంతా పడటం, లేవడం, ఆగడమే. ఒరుగుతున్నానని తెలియగానే పక్కకి, పిరుదు మీద పడండి. చేతులు వెనక్కి పెట్టకూడదు. లేవాలంటే ముందు రెండు స్కీలనూ కలిపి, వాలుకి అడ్డంగా, మీకు దిగువవైపు ఉండేలా తిప్పుకోవాలి. అవి కిందికి చూస్తూ ఉంటే లేస్తూనే జారిపోతారు. ఆగడానికి స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు బయటికి తోయాలి. ఇది రానిదే కుర్చీలో కూర్చోబెట్టి వాలు పైకి తీసుకెళ్లే చెయిర్‌లిఫ్ట్ ఎక్కకండి, పక్కవాళ్లు ఎక్కేశారని అసలే ఎక్కకండి. మధ్యాహ్నం మూడు దాటాక కాళ్లు అలసిపోతాయి, దెబ్బలు తగిలేది ఎక్కువగా అప్పుడే. ఇంకొక్కసారి అనిపించినా ఆపేయండి. ఇన్సూరెన్స్ పాలసీలో సాహస క్రీడల దెబ్బలకి డబ్బు వస్తుందో లేదో ఇంట్లో ఉండగానే చదువుకోండి.

తిండికి ఇబ్బంది ఉండదు, అన్నం, పప్పు, రాజ్మా దొరుకుతాయి. పిల్లలకి కందిపొడి, తాపేశ్వరం కాజా తీసుకెళ్లండి. విమానంలో ఆవకాయ సీసా చేతి బ్యాగులో ఒప్పుకోరు, పెద్ద సామానులో వేయండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి.

పెద్దవాళ్లు వెంట వస్తే బదరీనాథ్ చూద్దామంటారు. శీతాకాలంలో ఆ గుడి మూసే ఉంటుందని ముందే చెప్పండి. జోషిమఠ్‌లో నరసింహస్వామి ఆలయం తెరిచే ఉంటుంది, దిగే ముందు రోజు సాయంత్రం ఔలి నుంచి వచ్చేసి దర్శనం చేసుకోవచ్చు. మర్నాడు తెల్లవారగానే ఋషికేశ్‌కి బయల్దేరండి. ఆ రాత్రికి మాత్రం విమానం టికెట్ పెట్టుకోకండి.