వెనక తేదీతో జీతం పెంచినప్పుడు అరియర్స్ ఎందుకు తప్పుతాయి

ఇంక్రిమెంట్ ఏప్రిల్ 1 నుంచి అమలు, లెటర్ వచ్చింది జూలైలో. పేరోల్‌లో (జీతాలు లెక్కేసే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కించి జూలై రన్ చేస్తే అరియర్స్ (వెనక నెలల జీతం బాకీ) రావు, లేదా వచ్చిన మొత్తం ఎక్సెల్ లెక్కతో కలవదు. సపోర్ట్‌కు టికెట్ పెట్టే ముందు ఆ ఉద్యోగి శాలరీ హిస్టరీ ఒక్కసారి తెరవండి. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. అయినా అదొక్కటి తప్ప మిగతావన్నీ చూస్తారు.

అరియర్స్ సున్నా వస్తే

హిస్టరీలో రెండు వరుసలు ఉండాలి: మార్చి 31తో ముగిసే పాత జీతం, ఏప్రిల్ 1న మొదలయ్యే కొత్తది. ఒకటే ఉందంటే రివిజన్ (జీతం మార్పు) చేర్చకుండా పాత రికార్డునే ఎడిట్ చేశారన్నమాట. పాత జీతమే చెరిగిపోయాక తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? పాత అంకెలు తిరిగి పెట్టి, రివిజన్‌ను విడిగా చేర్చండి. వరుసలు రెండూ ఉంటే తేదీలు చూడండి. ఎఫెక్టివ్ డేట్ ఏప్రిల్, పేఅవుట్ నెల జూలై ఉండాలి. రెండు చోట్లా జూలై ఇస్తే అరియర్స్ పుట్టవు.

ఏప్రిల్ లాక్ తీసి మళ్లీ రన్ చేయకండి. ఆ నెల ఈసీఆర్ (పీఎఫ్ నెలవారీ రిటర్న్) ఫైలైపోయింది, టీడీఎస్ కట్టేశారు, పేస్లిప్ ఉద్యోగి చేతికి వెళ్లిపోయింది. మార్పు ఏదైనా జూలైలో అరియర్స్‌గానే రావాలి.

ఎర్రర్ లేదు, కానీ కొన్ని వందలు తేడా

అసలు ముంచేది ఇదే. రన్ శుభ్రంగా పూర్తవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. అదే రన్‌లో ఆ ఉద్యోగికి ఎల్ఓపీ (జీతం లేని సెలవు) రివర్సల్, అంటే కోసిన జీతం తిరిగి ఇవ్వడం కూడా ఉందేమో చూడండి.

పాత గ్రాస్ 30,000, కొత్తది 36,000 అనుకుందాం. జూన్‌లో 2 రోజులు ఎల్ఓపీ పడి 28,000 వచ్చింది. జూలైలో ఆ లీవ్ అప్రూవ్ అయింది. జూన్‌కు మొత్తం రావాల్సింది 36,000, కాబట్టి బాకీ సరిగ్గా 8,000.

రివిజన్ అరియర్స్‌ను 28 రోజులకు లెక్కేస్తే 5,600. రివర్సల్ పాత రేటుకు పడితే 2,000. కలిపి 7,600, అంటే 400 తక్కువ. అలాకాక రివర్సల్ ముందే పోస్టయి, రివిజన్ 30 రోజులకు లెక్కేస్తే 6,000. రివర్సల్ కూడా కొత్త రేటుకు పడితే 2,400. కలిపి 8,400, ఈసారి 400 ఎక్కువ. ఆ రెండు రోజుల పెంపు మొదటిసారి ఎక్కడా పడలేదు, రెండోసారి రెండుచోట్లా పడింది.

28 రోజుల అరియర్స్‌తో కొత్త రేటు రివర్సల్, లేదా 30 రోజుల అరియర్స్‌తో పాత రేటు రివర్సల్: ఈ జతలే సరైనవి. అరియర్స్ రిపోర్టులో రోజుల కాలమ్, రివర్సల్ సెట్టింగ్‌లో రేటు పక్కపక్కన పెట్టి చూడండి. భాగించే రోజులు కూడా జూన్‌వే, అంటే 30 ఉండాలి. జూలైవి 31 తీసుకుంటే 2,400 కాస్తా 2,323 అవుతుంది.

సెట్టింగ్ మార్చడం మీ చేతిలో లేకపోతే రివర్సల్‌ను హోల్డ్‌లో పెట్టి, జూలైలో రివిజన్ మాత్రమే రన్ చేయండి. జూన్‌కు 5,600 రావాలి. ఆగస్టులో రివర్సల్ వదలండి. అప్పుడు 2,400 ఒకే పద్దుగా వచ్చినా, 2,000కు తోడు 400 అరియర్స్‌గా వచ్చినా సరే. మొత్తం 2,400 దాటితే ఆపండి.

తేడా 400ను ‘అదర్ డిడక్షన్’ కింద కోసేయడం చాలామందికి అలవాటు. నెట్ పే సరిపోతుంది కానీ బేసిక్ అరియర్స్ తప్పుగానే మిగిలి, పీఎఫ్ లెక్కనూ పాడుచేయొచ్చు.

తప్పులా కనిపించే ఒప్పులు

స్పెషల్ అలవెన్స్ అరియర్స్ మైనస్‌లో వచ్చిందా? పైన చెప్పిన జీతంలోనే బేసిక్ 12,000 నుంచి 18,000కు, హెచ్‌ఆర్‌ఏ 4,800 నుంచి 7,200కు పెరిగితే, స్పెషల్ 13,200 నుంచి 10,800కు దిగుతుంది. నెలకు మైనస్ 2,400 సరైనదే. దాన్ని సున్నా చేస్తే ఆ మేరకు ఎక్కువ చెల్లిస్తారు.

బేసిక్ 6,000 పెరిగితే పీఎఫ్ 720 పెరగాలి కదా, 360 మాత్రమే వచ్చిందేమిటని అడుగుతారు. పీఎఫ్‌ను గరిష్ఠంగా 15,000 జీతంపైనే కట్టే కంపెనీలో 1,440 కాస్తా 1,800 దగ్గర ఆగుతుంది. ఈఎస్ఐ పీరియడ్ మధ్యలో జీతం 21,000 దాటినా, ఆ పీరియడ్ ముగిసే సెప్టెంబర్ లేదా మార్చి వరకు కోత ఆగదు. తెలంగాణ, ఆంధ్రల్లో ప్రొఫెషనల్ టాక్స్ 150 నుంచి 200కు మారితే అరియర్స్ కలిసి ఆ నెల గ్రాస్ 20,000 దాటిందేమో చూడండి.

రౌండింగ్ వల్ల రూపాయి తేడా, బ్రౌజర్ క్యాష్, సర్వర్ టైమ్‌జోన్: వీటి వెంట పడకండి. రిజైన్ చేసిన ఉద్యోగికి అరియర్స్ రాకపోతే అది వేరే దారి, ఎఫ్ అండ్ ఎఫ్‌లో (ఉద్యోగం వదిలేటప్పటి చివరి సెటిల్‌మెంట్‌లో) చేర్చండి.