మెడనొప్పికి ఫిజియోథెరపీ చేయించుకుంటున్నారా? వానలు మొదలవకముందే ఈ జాగ్రత్తలు

ఫిజియోథెరపీలో నొప్పి కాస్త తగ్గగానే చాలామంది మళ్లీ బండి తీస్తారు. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది సరిగ్గా అప్పుడే. నొప్పి తగ్గినంత త్వరగా మెడ కండరాలకు బలం రాదు. పైగా జూన్‌లో వానలు మొదలైతే హైదరాబాద్ రోడ్ల మీద నీళ్లు నిలిచి, గుంత ఎక్కడుందో కనిపించదు.

వానలో బండి నడిపేటప్పుడు మనకు తెలియకుండానే భుజాలు బిగబట్టి, మసకబారిన హెల్మెట్ అద్దంలోంచి దారి చూడటానికి తల ముందుకు చాపుతాం. మనిషి తల దాదాపు 5 కిలోల బరువుంటుంది. అది ముందుకు వాలేకొద్దీ మెడ వెనక కండరాలు ఎక్కువ బరువు మోయాలి. అదే సమయంలో చక్రం గుంతలో పడితే మెడ ఒక్కసారిగా కుదుపుకు లోనవుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టు సరే అనేదాకా బండి పక్కన పెట్టండి. మియాపూర్-ఎల్బీ నగర్, నాగోల్-రాయదుర్గం దారుల్లో వెళ్లేవాళ్లకు మెట్రో ఉంది. బస్సెక్కితే చివరి వరుసలో కూర్చోవద్దు, కుదుపులు అక్కడే ఎక్కువ. చీర కట్టుకుని బండి వెనక ఒకవైపుకు తిరిగి కూర్చునే అమ్మలకు, అత్తమ్మలకు ఈ నాలుగు నెలలూ ఆటోనో క్యాబో బుక్ చేయండి. తప్పనిసరై బండెక్కితే మెడనొప్పి సాకుతో హెల్మెట్ మాత్రం మానొద్దు. కారులోనైతే సీటుకు తల వెనక ఉండే దిండు (హెడ్‌రెస్ట్) చెవుల ఎత్తుకు తగ్గకుండా పెట్టుకోండి. తడి రోడ్డు మీద వెనక బండి వచ్చి గుద్దినప్పుడు మెడను కాపాడేది అదే.

వాన వల్ల క్లినిక్‌కి వెళ్లలేని రోజులుంటాయి. ఆ రోజు వ్యాయామం కూడా మానేయడం దగ్గరే చాలామంది వెనకబడతారు. గడ్డం పైకెత్తకుండా తలను నేరుగా వెనక్కి లాగి పట్టడం, అరచేతిని నుదుటికి ఆనించి తల కదలకుండా నెట్టడం, భుజం రెక్కలు దగ్గరికి తేవడం లాంటివి మీకు నేర్పించి ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. చేశాక కాస్త లాగినట్టు ఉండటం మామూలే. మర్నాటికీ నొప్పి పెరిగే ఉంటే వ్యాయామం ఎన్నిసార్లు చేస్తున్నారో ఆ సంఖ్య తగ్గించి ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. డాక్టర్ చెప్పకుండా మెడకు పెట్టే కాలర్ రోజంతా పెట్టుకోవద్దు, కండరాలు ఇంకా బలహీనపడతాయి.

సెలూన్‌లో తలకు మర్దన చేసి చివర్లో టక్కున మెడ విరుస్తారు చూడండి, అది అస్సలు వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడలోంచే పోతాయి. ఆ విరుపుకి వాటి గోడ చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే సరిదిద్దుకోవడం కష్టం.

చేతుల్లో బలం తగ్గినా, తిమ్మిరి పెరుగుతున్నా, నడక తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బండి జారి పడ్డాక మెడ నొప్పిగా ఉంటే, బాగుందో లేదో చూద్దామని తల అటూ ఇటూ తిప్పొద్దు. చుట్టూ ఉన్నవాళ్లను హెల్మెట్ లాగనివ్వకుండా, కదలకుండా పడుకుని 108కి ఫోన్ చేయించండి.