డిక్కీలో రెండో బ్యాటరీకి రెండు ఫ్యూజులు

ఇంజిన్ ఆపి కాసేపు పాటలు గట్టిగా వింటే, తర్వాత తాళం తిప్పినప్పుడు స్టార్టర్ టక్ టక్‌మని ఊరుకుంటుంది. యాంప్లిఫయర్ కోసం డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టేవాళ్లు చాలామంది ఇంజిన్ వైపున్న బ్యాటరీ దగ్గర ఒక్క ఫ్యూజే వేస్తారు. కానీ రెండు బ్యాటరీలనూ కలిపే కేబుల్‌కు రెండు కొసల నుంచీ కరెంటు వస్తుంది. మధ్యలో ఎక్కడైనా ఒరిసిపోయి బాడీకి తగిలితే, ఫ్యూజు లేని వైపు నుంచి వందల ఆంపియర్లు పారి కేబుల్ అంటుకుంటుంది.

35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ తీసుకోండి. రెండు ప్లస్ టెర్మినళ్ల దగ్గరా, 45 సెంటీమీటర్ల లోపే, 125 ఆంపియర్ల ఫ్యూజు. ముందు వైపు ఫ్యూజు తర్వాత 140 ఆంపియర్ల వోల్టేజి రిలే, అంటే వోల్టేజిని బట్టి రెండు బ్యాటరీలనూ కలిపి విడదీసే స్విచ్చు: సుమారు 13.3 వోల్టులకు కలుస్తుంది, 12.8కి విడిపోతుంది. ఇంజిన్ గది నుంచి కేబుల్ లోపలికొచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (కేబుల్ ఒరిసిపోకుండా అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. ఎర్తింగుకు పెయింటు గీకి, తళతళలాడే ఇనుము మీదే అదే మందం కేబుల్ బిగించండి. డిక్కీలో సీల్డ్ ఏజీఎం బ్యాటరీయే (యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే రకం) పెట్టి, కదలకుండా క్లాంపు వేయండి. మామూలుది హైడ్రోజన్ వదులుతుంది. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ కేబుల్ తీసేయాలి, సుమండీ.

స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి వోల్టేజి మార్చుకునే, బ్యాటరీ నింపే జనరేటర్) ఉన్న కొత్త కార్లలో మాత్రం ఈ రిలే పనికిరాదు. నడుస్తుండగానే వోల్టేజి తగ్గి రిలే విడిపోతుంది, వెనక బ్యాటరీ నిండదు. వాటికి తక్కువ వోల్టేజినీ పెంచి బ్యాటరీ నింపే డీసీ-డీసీ చార్జరే పెట్టాలి.