థ్రెడ్ల మధ్య క్యూ, 4వ భాగం: మొదటి మూలకాన్ని చదవడం

గత పాఠంలోని, పలు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు) పంచుకునే క్యూను రాసి నడిపిన చాలామందికి ప్రోగ్రామ్ ఒకసారి సవ్యంగా నడిచి, మరోసారి చెత్త విలువలు చూపించి కూలిపోయింది కనుక, లాక్ లేని క్యూల సంగతి వాయిదా వేసి ముందు దీన్ని తేల్చుకుందాం. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే లాక్ అయిన మ్యూటెక్స్, దాన్ని వేసి తానే విడిచే లాక్ గార్డ్, థ్రెడ్‌ను నిద్రపుచ్చి లేపే కండిషన్ వేరియబుల్ గురించి మళ్లీ వివరంగా చెప్పను.

సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక క్యూలో మొదటి మూలకాన్ని చూపే ఫ్రంట్, కాపీని కాక అసలు మూలకాన్నే సూచించే రిఫరెన్స్‌ను ఇస్తుందని మీరూ రిఫరెన్స్‌నే తిరిగిచ్చారు. లోపల లాక్ వేశాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఫంక్షన్ ముగియగానే లాక్ విడిపోతుంది, రిఫరెన్స్ మాత్రం పిలిచినవారి దగ్గరే ఉండిపోతుంది. ఈలోగా మరో థ్రెడ్ పాప్ చేస్తే (మొదటి మూలకాన్ని తీసేస్తే) ఆ మూలకం నాశనమై, మీరు చదివేది చెల్లని మెమరీ అవుతుంది. కొందరు దానికి కాన్‌స్ట్ తగిలించి సరిపెట్టుకున్నారు. కాన్‌స్ట్ ఆ రిఫరెన్స్ ద్వారా మీరు విలువను మార్చకుండా ఆపుతుందే తప్ప, ఇంకొకరు తీసేయకుండా ఆపదు. దయచేసి ఇక మీదట ఆ పని చేయకండి.

లాక్ ఉండగానే విలువను కాపీ చేసి, ఆప్షనల్‌లో (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అనే పెట్టెలో) పెట్టి ఇవ్వండి. 2017 ప్రమాణం నుంచి అది ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. క్యూ ఖాళీగా ఉంటే ఖాళీ ఆప్షనల్ వెళుతుంది. కాపీ ఖరీదైన పెద్ద వస్తువులైతే క్యూలో షేర్డ్ పాయింటర్లనే (ఒకే వస్తువును పలువురు పంచుకునే సూచికలనే) ఉంచడం నా అలవాటు.

కాపీ ఇచ్చినా మరో చిక్కు మిగులుతుంది. క్యూలో 41, 42 నంబర్ల ఆర్డర్లు ఉన్నాయనుకోండి. రెండు థ్రెడ్లూ ఫ్రంట్ పిలిచి 41నే చూశాయి, తరువాత రెండూ చెరొక పాప్ చేశాయి. 41 రెండుసార్లు ముద్రణకు వెళ్లింది, 42ను ఎవరూ చూడకుండానే పోయింది. ప్రతి ఫంక్షన్‌లోనూ లాక్ ఉంది, అయినా తప్పు జరిగింది. కాబట్టి చూడటం, తీయడం రెండూ ఒకే లాక్ కింద జరిగే ట్రై పాప్ రాయండి. పైథాన్ ప్రామాణిక క్యూలో తీయకుండా చూసే మెథడే లేదు. జావాలో అలా చూసే పీక్ ఉన్నా, అది ఇచ్చిన జవాబు మీ చేతికందేసరికే పాతబడి ఉండవచ్చు.

అభ్యాసం: ప్రతి పనికీ ఒక గడువు సమయం ఉండి, గడువు తక్కువ ఉన్నది ముందుండే క్యూ రాయండి. ముందున్న పని గడువు రాకపోతే థ్రెడ్ అంతవరకే నిద్రపోవాలి, ఈలోగా ఇంకా ముందు గడువున్న పని చేరితే లేచి మళ్లీ చూడాలి. తీసుకునే థ్రెడ్లు మూడు ఉండాలి, నిద్ర లేచాక పాత కాపీని వాడకూడదు.